4×8 చెక్క మీద ఊరు కట్టడానికి నేను పడ్డ తిప్పలు

నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ప్లైవుడ్ మీద బొమ్మ రైలు తిప్పుతూ, దాని చుట్టూ ప్లాస్టిక్ కిట్లతో, అంటే ముక్కలు అతికించి కట్టుకునే బిల్డింగులతో, ఒక ఊరు కడదామనుకున్నా. మొదటి కిట్ అట్టపెట్టె మీద బొమ్మ చూసి కొనేశా, అక్కడే బోల్తా పడ్డా. ఇలాంటి కిట్లు చేసే వాల్తర్స్ వాళ్ళది న్యూ రివర్ మైనింగ్ కంపెనీ అని ఒక బొగ్గు గని కిట్ ఉంటుంది, పైన పెద్ద రేకుల కట్టడం, దాని కింద నుంచి పట్టాలు పోతుంటాయి, రైలు పిచ్చి ఉన్నవాడెవడైనా దాన్ని షాపులో వదిలేసి రాలేడు. ఇంటికి తెచ్చి బేస్‌మెంట్‌లో కిట్ గోడల్ని టేపుతో కలిపి ప్లైవుడ్ మీద నిలబెట్టి చూశానా, ఒక మూల మొత్తం అదే మింగేసింది, ఇంక ఊరు ఎక్కడ పెట్టాలి, స్టేషన్ ఎక్కడ పెట్టాలి? మా ఆవిడ మెట్ల మీద నుంచే చూసి "ఏంటండీ, రైలుకి షెడ్డా, షెడ్డుకి రైలా" అని వెళ్ళిపోయింది.

నేనుండేది పెన్సిల్వేనియాలో తూర్పు వైపు. చిన్నప్పుడు బిట్రగుంట రైల్వే క్వార్టర్స్‌లో పెరిగా కాబట్టి మొదట అనుకున్నది మన స్టేషనే, పసుపు బోర్డు, సిమెంటు బెంచీలు, వేపచెట్టు, అన్నీ. కానీ మన స్టేషన్లకి ప్లాస్టిక్ కిట్లు నాకెక్కడా దొరకలేదు, పైగా మన బ్రాడ్ గేజ్, అంటే పట్టాల మధ్య దూరం, 1676 మిల్లీమీటర్లు, హెచ్ఓ స్కేల్లో, అంటే 87వ వంతుకి కుదిస్తే, 19 పైచిలుకు రావాలి, బజార్లో దొరికే ట్రాక్ 16.5. అది ఇక్కడి అమెరికా రైళ్ళ స్టాండర్డ్ గేజ్ లెక్క. సరే, ఉన్న ఊరినే కడదాం అనుకున్నా. మాకు కొంచెం దూరంలో జిమ్ థోర్ప్ అని కొండల మధ్య ఇరుక్కున్న ఊరుంది, 1954 దాకా దాని పేరు మాక్ చంక్, పక్కనే లీహై నది, 1888లో కట్టిన ఎర్ర ఇటుకల స్టేషన్ ఇప్పటికీ ఉంది. దాన్ని అచ్చంగా దించే ఓపిక నాకు లేదు, అలాంటి ఊరు ఒకటి, 1953 ప్రాంతం అని రాసి గోడకి అంటించా. ఈ చీటీ ముందే అంటించుకుని ఉంటే ఆ బొగ్గు గనికి డబ్బు పోసేవాణ్ణి కాదు. ఎందుకంటే న్యూ రివర్ అనేది వెస్ట్ వర్జీనియా, అక్కడిది మెత్త బొగ్గు. మా వైపుది ఆంత్రసైట్, గట్టి బొగ్గు, దాన్ని పగలగొట్టి సైజుల వారీగా జల్లించడానికి బ్రేకర్ అని ఆకాశమంత కట్టడం కావాలి, రెండూ ఒకటి కాదు. అంటే నేను సైజూ తప్పే కొన్నా, ఊరూ తప్పే కొన్నా.

అప్పుడు కూర్చుని లెక్క వేశా. 8 అడుగుల చెక్క అంటే హెచ్ఓలో అసలు 700 అడుగులు కూడా కాదు. మన ఇరవై నాలుగు బోగీల ఎక్స్‌ప్రెస్‌లో సగం కూడా పట్టదందులో! 100 అడుగుల గోదాం కట్టాలంటే దాదాపు 14 అంగుళాలు పోతాయి, అదే 25 అడుగుల ముఖం ఉన్న కిరాణా కొట్టుకి మూడున్నర అంగుళాలు చాలు. అందుకే కిట్లు చేసేవాళ్ళు కూడా ఫ్యాక్టరీలని కుదించి, కిటికీలు తగ్గించి చేస్తారు. దీన్నిబట్టి నాకు తట్టింది ఏంటంటే పెద్దది ఒకటి పెట్టడం కన్నా చిన్నవి ఆరు పెడితే ఊరు పెద్దగా కనిపిస్తుంది, రైలు కూడా పొడుగ్గా కనిపిస్తుంది.

ఇక కొలతల సంగతి. పెట్టె మీద ఫుట్‌ప్రింట్ అని పొడవు వెడల్పు వేస్తారు, నేను ఆ కొలతకి సీరియల్ డబ్బాల అట్ట కోసి, మడిచి, చెక్క మీద పెట్టి వారం రోజులు అలాగే వదిలేసేవాణ్ణి. రైలు తిప్పుతూ ఉంటే తెలిసిపోతుంది, వంపు దగ్గర బోగీ మూల గోడకి రాసుకుంటోందా, వెనక రైలు దారి మారే స్విచ్ దగ్గర పట్టాలు తప్పితే చెయ్యి పడుతుందా అని. నాది 18 అంగుళాల వ్యాసార్థం ఉన్న వంపు, పొడుగు పాసింజర్ బోగీ అక్కడ మధ్యలో లోపలికి, చివర్లో బయటికి తోసుకొస్తుంది. ఒక అట్ట డబ్బాని మూడుసార్లు పడగొట్టాక అక్కడ బిల్డింగు ఆలోచన మానేశా.

ఇంకోటి తలుపు. ఒక యూరప్ కిట్ తీసుకున్నా (ఏ కంపెనీయో వద్దులెండి), పెట్టె మీద హెచ్ఓ అనే ఉంది, బొమ్మలో ముచ్చటైన ఇల్లు. కట్టాక పక్కన డీపీఎం అనే ఇంకో కంపెనీ కిట్‌తో కట్టిన కొట్టు పెడితే ఇది పిల్లలు ఆడుకునే ఇల్లులా ఉంది. బోర్డు మీద స్థలం కలిసొస్తుందని అక్కడి బిల్డింగులు చాలావాటిని స్కేలు కన్నా కాస్త చిన్నగా చేస్తారట, అది నాకు తర్వాత తెలిసింది. అప్పటినుంచి జేబులో మందుబిళ్ళల డబ్బాలో ఒక ప్లాస్టిక్ మనిషిని వేసుకు తిరుగుతున్నా, ప్రైజర్ వాళ్ళ బొమ్మ, టోపీతో కలిపి 21 మిల్లీమీటర్లు ఉంటాడు, అంటే ఆరడుగుల మనిషి. మామూలు తలుపు 23 మిల్లీమీటర్లు ఉండాలి. పాత రైలు సామాన్లు అమ్ముకునే, మార్చుకునే స్వాప్ మీట్‌లో పెట్టె తెరిచి వీణ్ణి తలుపు ముందు పడుకోబెట్టి చూస్తా, టోపీ పైకమ్మీకి తగిలితే పెట్టె మూసి ఇచ్చేస్తా. ఒక టేబుల్ దగ్గర పెద్దాయన ఇది చూసి నవ్వి, తన చొక్కా జేబులోంచి అలాంటి డబ్బానే తీసి చూపించాడు!

చివరికి ఊరి నడిబొడ్డుకి డీపీఎం కొట్లు నాలుగు, వాల్తర్స్ వాళ్ళ మర్చంట్స్ రో అనే కొట్ల వరస ఒకటి, సిగ్నల్ క్యాబిన్‌కి అట్లాస్ కంపెనీ కిట్. డీపీఎంకీ వాల్తర్స్‌కీ తేడా కడితే గానీ తెలీలేదు. డీపీఎంలో కిటికీ చట్రం గోడతోనే కలిసి పోత పోసి ఉంటుంది, కాబట్టి ఇటుక ఎర్రగా కొట్టాక చట్రాలకి సున్నా సైజు బ్రష్‌తో ఒక్కొక్కటీ తెల్లగా దిద్దాలి, నలభై దాటిన కళ్ళకి అది శిక్షే. వాల్తర్స్‌లో కిటికీలు విడిగా వస్తాయి, స్ప్రూ మీద, అంటే ముక్కలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం మీద, ఉండగానే స్ప్రే కొట్టి ఆరాక అతికించడమే. నాలాగా చెయ్యి వణికేవాళ్ళయితే కొనేముందు ఇదొక్కటీ చూసుకోండి. కానీ డీపీఎంకి వేరే సుఖం ఉంది, గోడలు దళసరి, కోసి అతికించుకోవడానికి బాగుంటాయి. అంచులు మాత్రం అచ్చులోంచి తీసేటప్పటి వాలుతో వస్తాయి, అద్దం మీద శాండ్ పేపర్ పరిచి గోడని నిలువుగా పట్టుకుని రుద్దాలి, రుద్దకపోతే మూలలో గీత తేలి అట్టపెట్టెలా ఉంటుంది.

అతికించడంలో నా ఘనకార్యం కూడా చెప్పాలి. టామియా ఎక్స్‌ట్రా థిన్ అని ఒక జిగురు, నీళ్ళలా ఉంటుంది, మూతకే బ్రష్ ఉంటుంది, రెండు గోడలు కలిపి పట్టుకుని సందు దగ్గర ఆనిస్తే తనంతట తనే సందంతా పాకిపోయి ప్లాస్టిక్‌ని కరిగించి అతికేస్తుంది. నేను గోడని సరిగ్గా ఆ సందు మీదే వేలు పెట్టి నొక్కా. అది నా వేలి కిందకి కూడా పాకింది. వేలు తీస్తే బ్యాంకు గోడ మీద ఇటుకల్లో నా బొటనవేలి ముద్ర, గీతలతో సహా, రిజిస్ట్రార్ ఆఫీసులో వేసినట్టు! రుద్దితే ఇటుకలు పోతాయి. అక్కడ ఒక సోడా ప్రకటన కాగితం అతికించి కప్పేశా, వచ్చినవాళ్ళందరూ ఆ ప్రకటన భలే ఉందంటారు. ఇంకో కొట్టుకి కిటికీ ప్లాస్టిక్ అద్దాల్ని సూపర్ గ్లూతో పెట్టా, తెల్లారేసరికి అన్నిటికీ శుక్లాలు వచ్చినట్టు తెల్లగా పొగ పట్టేశాయి. అద్దాలకి తెల్ల జిగురే మేలు. లైట్లు పెట్టాలనుకుంటే కట్టకముందే గోడల లోపలివైపు నల్ల రంగు కొట్టండి, లేకపోతే ఎల్‌ఈడీ వేయగానే బిల్డింగు మొత్తం కాగితపు లాంతరులా వెలుగుతుంది.

అన్నిటికన్నా కలిసొచ్చింది వెనక వరస. బోర్డు అంచున కొండకి ఆనుకుని ఉన్న బిల్డింగులకి వెనక గోడ ఎవరికీ కనపడదు కదా, అలాంటప్పుడు ఆ గోడ అక్కడ దేనికి? రెండు కిట్ల వెనక గోడలు తీసి ముందు గోడల పక్కనే వరసగా అతికించి, అంగుళం లోతు మాత్రం ఉంచి పైన కప్పు ముక్క పెట్టా. రెండు కిట్లకి దాదాపు నాలుగు బిల్డింగుల పొడవు వచ్చింది, స్థలం మాత్రం పట్టాల వెనక అరచెయ్యి కూడా తినలేదు. ఇటుకల మధ్య గోడలకి పూసే లప్పం పల్చగా రాసి తడిగుడ్డతో తుడిచేస్తే సున్నం గీతలు తేలాయి, అప్పుడు గానీ అవి ప్లాస్టిక్ కాదనిపించలేదు.

బొగ్గు గని కిట్ మళ్ళీ పెట్టెలోకే పోయింది, గోడలకి వేసిన టేపు కూడా తియ్యలేదు. జనవరి చివర్లో మసాచుసెట్స్‌లోని వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరిగే బొమ్మ రైళ్ళ షోకి పట్టుకెళ్ళి ఎవరితోనైనా మార్చుకుందామని ఉంది. బ్యాంకుకి, మందుల షాపుకి మధ్య రెండంగుళాల సందు మిగిలిపోయింది, దాంట్లో పట్టే సన్నటి కిట్ దొరికితే చాలు. అందాకా మా అమ్మాయి అక్కడ రెండు చెట్లు నాటి, ఒక కుక్క బొమ్మ పెట్టింది. జేబులో మనిషి పక్కన పెట్టి చూశా, ఆ కుక్క గేదె అంత ఉంది.