120 హెర్ట్జ్ తినేదెంత, వెలుగు తినేదెంత

ఫోనులో ఛార్జింగ్ నిలవట్లేదని సెల్ షాపులో అడిగినా, బస్సులో పక్కసీటాయన్ని అడిగినా మొదట వచ్చే సలహా ఒక్కటే: "రిఫ్రెష్ రేట్ 60 పెట్టేయండి." సలహా తప్పు కాదు. కానీ దానివల్ల ఎంత మిగులుతుందో ఎవరూ చెప్పరు. కొన్ని ఫోన్లలో గంట పైనే కలిసొస్తుంది, కొన్నింటిలో తేడా కనిపెట్టడమే కష్టం. అది మీ ఫోనుకున్న తెర రకం మీద ఆధారపడి ఉంటుంది.

తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను తిరగరాసుకుంటుందో అదే రిఫ్రెష్ రేట్. 60 హెర్ట్జ్ అయితే ప్రతి 16.67 మిల్లీసెకన్లకు ఒకసారి, 90 అయితే 11.1కి, 120 అయితే 8.33కి. తిరగరాసిన ప్రతిసారీ మూడు చోట్ల కరెంటు ఖర్చవుతుంది. తెర వెనక ఉండే డ్రైవర్ చిప్ అన్ని వరసల పిక్సెళ్లకూ మళ్లీ విలువలు పంపాలి. ప్రాసెసర్ నుంచి తెరకు డేటా చేరాలి. బొమ్మ మారితే జీపీయూ (బొమ్మలు గీసే చిప్) కొత్తది గీయాలి. మూడోది కదలిక ఉన్నప్పుడే ఉంటుంది. మీరు వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెరిచి చదువుతుంటే జీపీయూకి పెద్దగా పని లేదు. తెర మాత్రం కిందికి దిగలేని రకమైతే, కదలని ఆ అక్షరాలనే సెకనుకు 120 సార్లు రాస్తూ కూర్చుంటుంది. అనవసరంగా పోయేది అక్కడే.

దిగలేకపోవడానికి కారణం పిక్సెల్ వెనకున్న ట్రాన్సిస్టర్ అనే చిన్న స్విచ్. మామూలు అమోలెడ్ (ప్రతి పిక్సెలూ తనే వెలిగే) తెరల్లో ఎల్‌టీపీఎస్ రకం ఉంటుంది. అది వేగంగా పనిచేస్తుంది గానీ ఛార్జిని పట్టి ఉంచలేదు. చిల్లు బిందెలో నీళ్లు నిలవాలంటే మాటిమాటికీ పోస్తుండాలి కదా, ఇదీ అంతే. ఆలస్యమైతే పిక్సెల్ వెలుగు తగ్గి తెర మినుకుమంటుంది. ఆక్సైడ్ ట్రాన్సిస్టర్‌లో ఆ కారుడు చాలా తక్కువ. రెండింటినీ కలిపి చేసిందే ఎల్‌టీపీఓ. 2019లో ఆపిల్ వాచ్ సిరీస్ 5 ఈ రకం తెరతో 1 హెర్ట్జ్ దాకా దిగింది. ఫోన్లలోకి 2020లో గెలాక్సీ నోట్ 20 అల్ట్రాతో వచ్చింది. 2021లో ఐఫోన్ 13 ప్రో 10 నుంచి 120 మధ్య, మరుసటేడు 14 ప్రో 1 నుంచి 120 మధ్య మారడం మొదలుపెట్టాయి.

కాబట్టి ఖరీదైన ఎల్‌టీపీఓ ఫోనులో 60కి దించితే మిగిలేది కొంచెమే. కదలిక లేనప్పుడు అది తనంతట తనే దిగిపోతుంది. పదిహేను వేల లోపు ఫోన్లలో వచ్చే 120 హెర్ట్జ్ ఎల్‌సీడీ (వెనక లైటుతో వెలిగేవి), మామూలు అమోలెడ్ తెరలు సాధారణంగా 60, 90, 120 అంటూ మెట్లలోనే మారతాయి. 60 కంటే కిందికి పెద్దగా దిగవు. సలహా నిజంగా పనికొచ్చేది వీటికే.

ఒక లెక్క చూద్దాం. ఈ అంకెలు విషయం అర్థం కావడానికి పెట్టుకున్నవి. మీ ఫోనులో వేరుగా ఉంటాయి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీని 3.87 వోల్టులతో హెచ్చిస్తే సుమారు 19.3 వాట్ అవర్లు. తెర వెలిగి ఉన్నప్పుడు ఫోను మొత్తం 1.5 వాట్లు లాగుతోందనుకుంటే దాదాపు 12.9 గంటలు వస్తుంది. 120 హెర్ట్జ్ వల్ల ఎప్పుడూ 0.15 వాట్ అదనంగా పోతే 11.7 గంటలు; అంటే 70 నిమిషాలు పోయినట్టు. అదే ఫోను స్క్రోల్ చేసే మూడో వంతు సమయంలోనే పైకి వెళ్లి మిగతాప్పుడు దిగితే నష్టం 25 నిమిషాలే. ఇప్పుడు వెలుగు పెంచండి. 60లోనే ఉన్నా బ్రైట్‌నెస్ వల్ల ఆ 1.5కి ఇంకో వాట్ తోడైతే మొత్తం బ్యాటరీ 7.7 గంటలకు పడిపోతుంది.

అందుకే సిక్కోలు (శ్రీకాకుళం) ఎండలో రిఫ్రెష్ రేట్ గురించి మాట్లాడే ముందు వెలుగు గురించి మాట్లాడాలి. మే నెల మధ్యాహ్నం కళింగపట్నం బీచ్‌లో ఫోను తీస్తే ఆటో బ్రైట్‌నెస్ తెరను చేత్తో పెట్టగలిగే గరిష్ఠం కంటే కూడా పైకి తీసుకెళ్తుంది. ఆ పది నిమిషాలు ఇంట్లో చాలాసేపు వాడినంత తింటాయి. నీడలోకి రెండడుగులు వేసి చూడటం కంటే మంచి సెట్టింగ్ లేదు. ఇక డార్క్ మోడ్: ఎల్‌సీడీలో దానివల్ల లాభం లేనట్టే, వెనక లైటు ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది. అమోలెడ్‌లో ఉంది, కానీ వెలుగు ఎక్కువగా ఉన్నప్పుడే. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం 2021లో కొలిచి చెప్పిన లెక్క ప్రకారం పూర్తి వెలుగులో 39 నుంచి 47 శాతం దాకా ఆదా, 30 నుంచి 50 శాతం వెలుగులో 3 నుంచి 9 శాతమే.

విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం రోజును తీసుకోండి. సిరిమాను కోట దాకా మూడుసార్లు వెళ్లి వచ్చేలోపు ఎంతోమంది ఫోన్లు ఎర్ర గీతకు చేరతాయి. అక్కడ 120ని తిట్టడం అన్యాయం. కెమెరా ప్రివ్యూ సాధారణంగా 30 లేదా 60 ఫ్రేములే. తినేది కెమెరా సెన్సర్, వీడియోను కుదించే చిప్, ఎండకు పెరిగిన వెలుగు, ఆపైన లక్షల మంది ఒకే టవర్ మీద పడటంతో మళ్లీ మళ్లీ ప్రయత్నించే మోడెమ్ (టవర్‌తో మాట్లాడే చిప్). వీడియోను 4కే నుంచి 1080కి తగ్గించి, అప్‌లోడ్‌ను ఇంటికెళ్లాక చేస్తే కలిసొచ్చేది ఎక్కువ. మందస కొండల వైపు సిగ్నల్ ఒక గీతే ఉండే ఊళ్లలోనూ ఇదే కథ. దూరంగా ఉన్న టవర్‌ను అందుకోవడానికి ఫోను గట్టిగా అరవాలి.

మీ ఫోను నిజంగా దిగుతోందా లేదా అన్నది మీరే చూడొచ్చు. సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్'కి వెళ్లి బిల్డ్ నంబర్‌ను ఏడుసార్లు నొక్కండి (షావోమీ ఫోన్లలో ఓఎస్ వెర్షన్‌ను నొక్కాలి). డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో 'షో రిఫ్రెష్ రేట్' ఆన్ చేస్తే తెర మూలన అంకె కనిపిస్తుంది. వేలు పెట్టి పేజీ జరపండి, 120 రావాలి. వేలు తీసి కొన్ని సెకన్లు ఆగండి, 60కో ఇంకా కిందికో పడాలి. పడకపోతే ఏదో పట్టి ఉంచుతోంది: కదిలే వాల్‌పేపర్, ఆడుతూ ఉండే స్టిక్కర్లు, మూలన తేలుతున్న చిన్న వీడియో. అదే డెవలపర్ ఆప్షన్స్‌లో 'ఫోర్స్ పీక్ రిఫ్రెష్ రేట్' ఎప్పుడో ఆన్ చేసి మరిచిపోయారేమో చూడండి. 'డిసేబుల్ హెచ్‌డబ్ల్యూ ఓవర్‌లేస్' కూడా ఆఫ్‌లోనే ఉండాలి. ఆన్‌లో ఉంటే ప్రతి ఫ్రేమునూ జీపీయూయే కలిపి కుట్టాల్సి వస్తుంది. కొన్ని అమోలెడ్ తెరలు చీకటి గదిలో వెలుగు బాగా తగ్గించినప్పుడు దిగవు. రేటు మారితే రంగు తేడా కంటికి తెలిసిపోతుందని కంపెనీయే అలా పెడుతుంది. అది చెడిపోవడం కాదు.

సెట్టింగ్ పేరు ఒక్కో ఫోనులో ఒక్కోలా ఉంటుంది. శాంసంగ్‌లో డిస్‌ప్లే కింద 'మోషన్ స్మూత్‌నెస్'; అడాప్టివ్ ఉంచండి, అవసరమైతే స్టాండర్డ్. రియల్‌మీ, ఒప్పోల్లో 'స్క్రీన్ రిఫ్రెష్ రేట్'లో హై బదులు ఆటో. ఐఫోన్ ప్రో అయితే యాక్సెసిబిలిటీ, మోషన్, 'లిమిట్ ఫ్రేమ్ రేట్'. పెద్ద అప్‌డేట్ తర్వాత ఒకసారి తెరిచి చూసుకోవడం మంచిది. టచ్ శాంప్లింగ్ 240 అని పెట్టె మీద రాసేది వేరే విషయం. వేలిని ఎన్నిసార్లు గమనిస్తుందో ఆ లెక్క అది.

ఆటలాడే పిల్లలకు మాత్రం 60 మాట గట్టిగా చెప్పాలి. 120 ఫ్రేముల ఆటలో ప్రతి ఫ్రేమునూ జీపీయూ కొత్తగా గీయాలి, పని దాదాపు రెట్టింపు. ఫోను వేడెక్కుతుంది, కాసేపటికి తనే వేగం తగ్గించుకుంటుంది, ఆట తడబడుతుంది. ఆటలోని గ్రాఫిక్స్ సెట్టింగ్‌లోనే ఫ్రేములను 60కి కట్టేస్తే బ్యాటరీ మిగులుతుంది, ఆటా నిలకడగా సాగుతుంది.

పగిలిన తెర మార్పించేవాళ్లు జాగ్రత్త పడాల్సిన సంగతి ఒకటుంది. అమోలెడ్ ఫోనుకు చవకలో వేసే కాపీ కాంబోలు (పై అద్దం, తెర కలిపి వచ్చేవి) చాలావరకు ఎల్‌సీడీవే. వాటిలో ఎక్కువ 60 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతాయి. నల్ల రంగు బూడిదలా కనిపిస్తుంది, ఎప్పుడూ వెలిగే వెనక లైటుతో ఛార్జింగ్ కూడా ముందుకంటే త్వరగా దిగుతుంది. "ఒరిజినలా, ఓఎల్‌ఈడీ కాపీనా, ఇన్‌సెలా" అని ముందే అడిగి ధర మాట్లాడుకోండి (ఓఎల్‌ఈడీ అంటే అమోలెడ్ లాంటిది, ఇన్‌సెల్ అంటే ఎల్‌సీడీ). డబ్బు ఇచ్చేముందు షాపులోనే 'షో రిఫ్రెష్ రేట్' ఆన్ చేసి 120 వస్తోందో లేదో చూడండి. తర్వాత ఓ చీకటి మూలకు తీసుకెళ్లి పూర్తి నల్ల బొమ్మ తెరవండి. అంచుల్లో వెలుగు కనిపిస్తే అది ఎల్‌సీడీయే.

మీ ఫోనులో తేడా ఎంతో తేల్చుకోవాలంటే ఓపిగ్గా కొలవాలి. ఆటో బ్రైట్‌నెస్ ఆపి వెలుగు సగం దగ్గర పెట్టండి. ఏరోప్లేన్ మోడ్ వేసి, ముందే దించుకున్న ఒక పెద్ద పీడీఎఫ్‌ను 80 శాతం నుంచి గంటసేపు ఒకే తీరుగా జరుపుతూ చదవండి. ఎంత తగ్గిందో రాసుకోండి. మళ్లీ 80కి ఎక్కించి, ఫోను చల్లారాక, 60లో అదే పని. 5000 బ్యాటరీలో 1 శాతం అంటే 50 ఎంఏహెచ్, అందుకే పదిహేను నిమిషాల పరీక్ష ఏమీ చెప్పదు. రెండు మూడు సార్లు చేసి సగటు తీస్తేనే నమ్మొచ్చు.

మామూలు రోజుల్లో నా మాట ఆటోలోనే ఉంచమని. కంటికి హాయిగా ఉండే ఆ నున్నటి కదలిక కోసమే కదా డబ్బు పెట్టింది. తుపాను రోజులు వేరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో స్తంభాలు కూలి ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. హెచ్చరిక రాగానే 100కి ఎక్కించి, రేటు 60కి, వెలుగు పావు వంతుకు దించి, బ్యాటరీ సేవర్ వేయండి. తీరం దాటేదాకా నెట్‌వర్క్ ఆపకండి, హెచ్చరికలు రావాలి. టవర్లు పడిపోయి సిగ్నల్ పూర్తిగా పోయాక మాత్రం ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి గంటకోసారి ఐదు నిమిషాలు తీసి చూడండి. దొరకని టవర్ కోసం వెతుకుతూ ఉండే ఫోను, తెర ఆర్పి ఉన్నా ఖాళీ అయిపోతుంది. 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 5000 ఫోనును రెండుసార్లు నింపుతుందని లెక్క వేసుకోవద్దు. వోల్టేజీ మార్పిడిలో పోయేది పోగా ఒకటిన్నర సార్లే వస్తుంది, అదీ ఎక్కేటప్పుడు తెర ఆర్పి ఉంచితే.