మెట్ల మీదే కూర్చుండిపోయాను

రాత్రి ఒంటిగంట దాటింది. ఈయన నిద్రపోతున్నారు, జుట్టులో రంగుకాగితం ముక్కలు అలాగే ఉన్నాయి. నాకింకా చెవుల్లో హోరు తగ్గలేదు. కోపమూ తగ్గలేదు.

మెక్సికోలో ఈ వెరాక్రూస్ వెళ్దామని పట్టుబట్టింది నేనే. ఇక్కడి జానపద సంగీతం, సోన్ హరోచో, దగ్గర కూర్చుని వినాలని. హార్ప్, చిన్న గిటారులాంటి హరానా వాయిస్తుంటే చెక్క వేదిక మీద ఆడేవాళ్ళ మడమలే తాళం వేస్తాయి. నిన్న రేవు దగ్గర పావుగంట విన్నాను. ప్రాణం లేచొచ్చింది.

ఇక ఈ సాయంత్రం కార్నివాల్ ఊరేగింపు. సముద్రం పక్కన బులెవార్డు పొడవునా మెట్ల గ్యాలరీలు కట్టారు. డబ్బిచ్చి ఎక్కి కూర్చున్నాం. వచ్చే ప్రతి బండికీ వేరే స్పీకర్లు. ముందు బండి పాట దాటిపోకుండానే వెనక బండి పాట వచ్చి దాని మీద పడుతుంది. కింద చెక్కలు అదురుతున్నాయి. పక్కావిడ ఒళ్ళో పసివాడు ఏడుస్తుంటే తెరుచుకున్న నోరే కనపడింది, ఏడుపు వినపడలేదు. ఒక బండి మీద హార్ప్ వచ్చిందని లేచి నిలబడ్డాను. అట్టతో చేసిన హార్ప్ అది. దాని కింద కూడా స్పీకర్లే.

ఈయన మాత్రం లేచి కిందికి దిగారు. ఈకల కిరీటాల బృందం వెళ్తుంటే జనంలో కలిసిపోయి, ఎవరో ముసలాయన భుజం మీద చెయ్యేసి ఆడారు. పాప పెళ్ళి సంగీత్‌లో అందరం బతిమాలినా కుర్చీ వదలని మనిషి! నా వైపు చూసి రమ్మని చెయ్యి ఊపారు. నేను తల అడ్డంగా తిప్పాను.

హోటల్ దాకా స్పీకర్లను తిడుతూనే నడిచాను. "అవును, గోల ఎక్కువే" అని వెంటనే ఒప్పేసుకున్నారు. దాంతో ఇంకా మండింది. కార్నివాల్ మొదలయ్యేటప్పుడు ఇక్కడ చిరాకును తగలబెడతారు. ఆ ఏడు జనానికి ఒళ్ళు మండించినవాళ్ళ బొమ్మ చేసి నిప్పు పెడతారు. మేం ఊళ్ళో దిగేసరికే అది అయిపోయింది.

ఈ ఊరిని ఇక్కడివాళ్ళు ప్వెర్తో అంటారు, అంటే రేవు. మచిలీపట్నం మాకు బందరే కదా, ఆ మాటకీ అర్థం అదే. పొద్దున్నుంచీ ఆ పోలికకి మురిసిపోతున్నాను. ఇప్పుడు బందరుతో పాటు నాన్నగారు కూడా వచ్చి కూర్చున్నారు.

నాకు తొమ్మిదేళ్ళు. దసరా. శక్తిపటం మా వీధిలోకి వచ్చింది. కాళిక ముఖం పెట్టుకుని, వీపున అంత పటం మోస్తూ ఆడే మనిషి, ముందు డప్పులు. అమ్మ హారతి పళ్ళెంతో గుమ్మంలో ఉంది. ఇస్త్రీ చొక్కా మడత నలగనివ్వని నాన్నగారు అరుగు దిగి డప్పుల ముందు అడుగులేశారు. బాగా వేశారు. ఎవరో ఈల వేశారు. నేను తలుపు వెనక్కి పోయి గడియ పట్టుకు నిలబడ్డాను. సెలవులయ్యాక బడికి వెళ్ళనని మొండికేశాను. ఎందుకని ఆయన అడగలేదు. తర్వాత ఎన్ని దసరాలొచ్చినా అరుగు మీదే నిలబడి దణ్ణం పెట్టేవారు. చెప్పుల్లో కాలివేళ్ళు మాత్రం కదిలేవి. నేను చూసేదాన్ని.

ఆ డప్పులూ చెవులు పగిలేలాగే మోగేవి.

అంటే ఇవాళ నాకు కోపం స్పీకర్ల మీద కాదా? కొంత వాటి మీదే, అది మార్చుకోను. డప్పు కొట్టేవాడు మనిషి, అలుపొస్తే ఆగుతాడు, ఊపిరి తీసుకుంటాడు. ఈ పెట్టెలకి ఆయాసమే లేదు. కానీ ఈయన చెయ్యి ఊపినప్పుడు నేను చూసింది ఆయన్ని కాదు, చుట్టూ ఎవరైనా చూస్తున్నారా అని.

రేపు 'సోకలో'కి, అంటే ఊరి నడిమి చౌకుకి, వెళ్దామా అని పడుకునే ముందు అడిగారు. మొన్న రాత్రి ఆ చౌకులోనే దాన్సోన్ చూశాం. 1879లో క్యూబాలో పుట్టి సముద్రం దాటొచ్చిన నాట్యం. డెబ్భై దాటిన జంటలు కూడా ఒకే చిన్న చదరంలో కదులుతారు. పల్లవి తిరిగొచ్చినప్పుడల్లా ఆట ఆపేసి పక్కపక్కనే నిలబడతారు, ఆడవాళ్ళు విసనకర్ర విప్పుకుంటారు. మళ్ళీ సమయానికి అడుగు కలుపుతారు. ఎవరూ అరవరు.

ఆయనకేమీ చెప్పలేదు. రేవు దగ్గర కొన్న విసనకర్ర సంచిలోంచి తీసి, ఆయన కళ్ళజోడు పక్కన పెట్టాను.