ఐదో మాట

మా వంటింట్లో ఇప్పటికీ ఒక స్టీలు గ్లాసు ఉంది. లోపల మేకుతో గీసిన రెండు గీతలుంటాయి. కింది గీత దాకా పోస్తే యాభై మిల్లీలీటర్లు, పై గీత దాకా అయితే వంద. బావ, అంటే మా ఆయన, ఆరేళ్లు నీళ్లు తాగింది ఆ గ్లాసుతోనే. గీతలు కూడా తనే గీసుకున్నాడు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందని పెద్దలంటారు. ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస. 2016 వేసవిలో బావకి కాళ్లు పొంగాయి. ఎండలో తోటపని ఎక్కువై అలా ఉందనుకున్నాం. రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ తొమ్మిది దాటింది, అంటే కిడ్నీలు దాదాపు పోయినట్టే. ఉద్దానంలో ఆ మాట ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు, బడిపిల్లలకి కూడా తెలుసు. మా వీధిలో అప్పటికే కిడ్నీ రోగులు ముగ్గురున్నారు. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. ఎంతోమంది వచ్చి మా రక్తం, మా బావి నీళ్లు, మా మట్టి సీసాల్లో పట్టుకెళ్లారు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు.

డయాలసిస్‌కి అంటే రక్తాన్ని మిషనుతో శుభ్రం చేయించడానికి, మొదట విశాఖపట్నం తిరిగాం. సోంపేట సర్కారు ఆసుపత్రిలో మిషన్లు పెట్టాక అక్కడికే వెళ్లాం. సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి, నాలుగేసి గంటలు. సూదులు రెండు నెలల్లో అలవాటైపోయాయి. దాహం మాత్రం చివరిదాకా అలవాటు కాలేదు.

ఈ బాధ పడనివాళ్లకి చెప్పాలి. కిడ్నీలు పనిచేయకపోతే తాగిన నీరు బయటికి పోదు. ఒంట్లోనే ఉండిపోయి కాళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. బావకి రోజుకి ముప్పావు లీటరు చాలన్నారు డాక్టరుగారు. అందులోనే టీ, మజ్జిగ, అన్నంలో పోసుకునే చారు. ఉప్పు తింటే దాహం పెరుగుతుంది కాబట్టి ఎండుచేప మానేశాం, ఊరగాయ మానేశాం. కూరగాయలు ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి మళ్లీ వండేదాన్ని. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చన్నారు కాబట్టి అరటిపండు లేదు, పనసతొన లేదు, కొబ్బరి బొండాం అసలే లేదు. కొబ్బరితోటలో పుట్టి పెరిగిన మనిషి కొబ్బరినీళ్లు ముట్టకూడదు. ఆయన ముందు తాగలేక నేనూ మానేశాను.

రాత్రి రెండింటికి, మూడింటికి లేచి కూర్చునేవాడు. నాలుక అంగిటికి అంటుకుపోయేది. "ఏటీ కాదే, నువ్వు తొంగో" అనేవాడు. నేను లేచి ఐసు ముక్క ఒకటి ఇచ్చేదాన్ని. నీళ్లకన్నా ఐసు ఎక్కువసేపు నోట్లో ఉంటుందని నర్సమ్మ చెప్పింది.

డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడమచేతి మణికట్టు దగ్గర రెండు రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేశారు. వేళ్లు ఆనిస్తే చర్మం కింద తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మంటుంది. ఆ జుమ్ము ఆగితే వెంటనే రమ్మన్నారు. మొదట్లో నేను మోకాళ్ల మీద గంటసేపు ప్రార్థన చేసేదాన్ని, వాగ్దానాలన్నీ ఎత్తి చూపించి దేవుణ్ణి అడిగేదాన్ని. ఏడాది తిరిగేసరికి నా ప్రార్థనంతా ఆ మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించడమే అయింది. ప్రభువా, ఆగనివ్వకు. అంతకుమించి మాటలు వచ్చేవి కావు.

2017లో మా వైపు ఉజ్జీవ సభలు జరిగాయి. బయటినుంచి వచ్చిన ఒక ప్రసంగికుడు, బావి దగ్గర యేసు నీళ్లడిగిన సమరయ స్త్రీ కథ తీశాడు. నేనిచ్చు నీళ్లు త్రాగువాడు ఎప్పుడును దప్పిగొనడు అన్న వాక్యం చదివి, నిజమైన విశ్వాసం ఉంటే సూదులెందుకు, మిషన్లెందుకు అన్నాడు. బావ ముందు వరసలో కూర్చున్నాడు. తల వంచుకున్నాడు. ఆ గురువారం ఆసుపత్రికి రానన్నాడు. నేను కూడా గట్టిగా అడ్డుపడలేదు. అది నేను జీవితాంతం మోసే తప్పు. ఆదివారం రాత్రికి ఊపిరి ఆడలేదు. పడుకుంటే మునిగిపోతున్నట్టు ఉందని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. 108 వచ్చేదాకా వీపు రాస్తూనే ఉన్నాను. బతికాడు. దేవుని పేరు చెప్పి ఎవరైనా మందులు మానమంటే, డయాలసిస్ మానమంటే, వినకండి. నేను విశ్వాసినే, అందుకే చెబుతున్నాను. మా వైపు సువార్త తెచ్చిన కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు సోంపేటలో ఆసుపత్రి కూడా కట్టారు. మా అత్తగారు పుట్టింది అందులోనే. ప్రార్థన, వైద్యం ఒకదానికొకటి పడవని మా పెద్దలు మాకెప్పుడూ నేర్పలేదు.

ఆ ప్రసంగం మాత్రం బావలో ముల్లులా ఉండిపోయింది. దాహం వేసిన ప్రతిసారీ తన విశ్వాసంలోనే ఏదో లోపముందని అనుకునేవాడు. నాతో అనలేదు, బైబిలు తీయడం తగ్గిపోయింది, అంతే.

2018 అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా మీదే తీరం దాటింది. మా తోటలో ఇరవై తొమ్మిది కొబ్బరిచెట్లుంటే నాలుగు మిగిలాయి. అవి కూడా మొవ్వు విరిగి తర్వాత ఎండిపోయాయి. నేను చెట్ల కోసం ఏడవలేదు. అది డయాలసిస్ రోజు. దారి పొడుగునా చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి, కరెంటు లేదు, ఫోన్లు లేవు. మా చర్చి సంఘం కుర్రాళ్లు గొడ్డళ్లు పట్టుకుని బయల్దేరారు. వాళ్ల ఇళ్ల మీద రేకులు లేచిపోయి ఉన్నాయి, అయినా వచ్చారు. మోటారుసైకిలు పట్టేంత దారి కొట్టుకుంటూ, కొట్టలేని చోట బావని చేతుల మీద దాటిస్తూ, శనివారం సాయంత్రానికి ఆసుపత్రికి చేర్చారు. ఆ కుర్రాళ్లలో ఒక్కడు కూడా దారిలో వాక్యం చెప్పలేదు. బావ అప్పటిదాకా తాగింది రెండు గ్లాసుల నీళ్లే. మూడు రోజులకి రెండు గ్లాసులు.

తర్వాతి ఏడు మంచి శుక్రవారం ఏప్రిల్ 19న వచ్చింది. మా గుళ్లో పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన జరుగుతుంది, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. పది రోజుల ముందు పాస్టరు అయ్యగారు మా ఇంటికి వచ్చి, ఐదో మాట నువ్వు చెప్పు అని బావని అడిగారు. ఐదో మాట అంటే "నేను దప్పిగొనుచున్నాను". నాకు కోపమొచ్చింది. ఎండాకాలం, మధ్యాహ్నం పూట, గొంతు తడిలేని మనిషి చేత ఆ మాట చెప్పిస్తారా అనుకున్నాను. అయ్యగారు వెళ్లాక బావ చాలాసేపు అరుగు మీద కూర్చున్నాడు. ఆ రాత్రి చాన్నాళ్లకి యోహాను సువార్త తీశాడు.

ఆ రోజు గుడి నిండా జనం. ఫ్యాన్లు వేడిగాలి తిప్పుతున్నాయి. బావ పుల్పిటు ఎక్కలేదు, కిందే బల్ల పట్టుకుని నిలబడ్డాడు. మూడు నిమిషాలు మాట్లాడి ఉంటాడు. నాకు ప్రతి మాటా గుర్తుంది.

"నాకు ప్రసంగం రాదు. దాహం తెలుసు. మిగతా ఆరు మాటలూ నాకు పెద్దవి. ఈ ఒక్కటీ రోజూ రాత్రి నాననేదే. కానాలో ఆరు రాతిబానల నిండా నీళ్లు పోయించినోడు, సముద్రం మీద నడిసినోడు, గుక్కెడు నీళ్లకి నోరు తెరిసి అడిగాడు. సిగ్గుపడలేదు. ఇన్నాళ్లూ నాకు దాహమేస్తే నా విశ్వాసం తక్కువనుకున్నాను. మరి ఆయన విశ్వాసం తక్కువా? ఆయన అడిగితే చిరక, పులిసిన ద్రాక్షరసం, ఇచ్చారు. నాకు మా ఇంటిది ఐసు ముక్క ఇస్తంది. నా దాహం తీరలేదు. కానీ నా దాహం ఎలాగుంటదో తెలిసినోడు పైనున్నాడు."

అంతే చెప్పి కూర్చున్నాడు. అయ్యగారు పైన ఒక్క మాట కూడా కలపలేదు. వెనక వరసల్లో ఎవరిదో ఏడుపు వినిపించింది. మా సంఘంలో బావ ఒక్కడే కాదు కదా డయాలసిస్ మీద ఉన్నది.

ఆ తర్వాత మా ఇంట్లో దాహానికి ఐదో మాట అని పేరు పడింది. అర్ధరాత్రి లేచి "ఐదో మాటే" అనేవాడు. నాకు అర్థమయ్యేది. ఐసు తెచ్చి ఇచ్చి పక్కన కూర్చునేదాన్ని. రోగం అలాగే ఉంది, దాహం అలాగే ఉంది, నీళ్ల కొలత చుక్క కూడా పెరగలేదు. సిగ్గు పోయింది. ఒంటరితనం పోయింది. ఆదివారం గుళ్లో ప్రభు బల్ల తీసుకునేటప్పుడు చిటికెడంత గ్లాసులో ద్రాక్షరసం ఇస్తారు, దాన్ని మాత్రం నేను లెక్కలో వేసేదాన్ని కాదు. బావ దాన్ని నాలుక మీద ఉంచుకుని చాలాసేపు మింగేవాడు కాదు. స్వస్థత అని నేను పిలిచేది దీన్నే. ఒప్పుకోనివాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

2022 ఆగస్టులో గుండె బాగా నీరసించింది. ఇంటికి తీసుకెళ్లి అడిగింది పెట్టమ్మా అన్నారు డాక్టరుగారు. బావ బొండాం అడిగాడు. మా చెట్లు లేవు, పక్కింటి కుర్రాడు వాళ్ల చెట్టెక్కి దించాడు. నేను ఆ గ్లాసులో గీతలు దాటించి అంచు దాకా పోశాను. సగం తాగి, గ్లాసు నా వైపు జరిపి, "నువ్వు తాగు" అన్నాడు. నా గొంతు దిగలేదు. మర్నాడు తెల్లవారకముందే వెళ్లిపోయాడు.

సంఘం ఆడవాళ్లు వంతులేసుకుని పదకొండు రాత్రులు మా ఇంట్లో పడుకున్నారు. ఓదార్పు మాటలు చెప్పలేదు. గిన్నెలు తోమారు, పిల్లలకి అన్నం పెట్టారు. యోబు స్నేహితులు కూడా ఏడు రాత్రింబగళ్లు నోరు విప్పకుండా కూర్చున్నంతవరకు మంచివాళ్లే. చాలాకాలం నిద్రలో నా వేళ్లు మణికట్టు కోసం వెతికేవి. అప్పుడు నేను చదివింది ఎనభై ఎనిమిదో కీర్తన ఒక్కటే. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది అది, వెలుగు ఊసే ఉండదు. అలాంటి పాట కూడా బైబిల్లో ఉండనిచ్చాడు దేవుడు. ఎన్ని రాత్రులు దాన్ని పట్టుకుని పడుకున్నానో.

2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, హిరమండలం రిజర్వాయరు నీళ్లు మా మండలాలకి గొట్టాల్లో వచ్చాయి. బావ చూడలేదు.

తుఫాను తర్వాత, 2019 వానల్లో, బావ పొట్టిరకం మొక్కలు పన్నెండు నాటాడు. ఒక చేత్తోనే నాటాడు, ఎడమచేత్తో బరువు మోయకూడదు కదా. వాటిలో ఒకటి పోయినేడు మొదటి గెల వేసింది. ప్రథమ ఫలం ఇంట్లో ఉంచుకోకూడదని ఈ జనవరిలో కోతపండుగకి గుడికి పట్టుకెళ్లాను. ఆరాధన అయ్యాక గుమ్మడికాయలు, కోళ్లు, ధాన్యం బస్తాలు వేలం వేశారు. మా గెల వంతు వచ్చినప్పుడు నేనే చెయ్యెత్తాను. ఇంకెవరూ పాడలేదు. మా సంఘానికి తెలుసు.

ఒక్క బొండాం ఉంచుకుని మిగతావి పిల్లలకి పంచేశాను. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని కొట్టి ఆ గ్లాసులో పోసుకున్నాను. రెండు గీతలూ మునిగాయి. ఆగకుండా తాగాను.