36 శాతం తగ్గింది ఏమిటి? గ్రూప్-1 మెయిన్స్‌లో పర్యావరణం, నా అనుభవం

మెయిన్స్ రాయబోతున్న మిత్రులకు నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలి. ఒక మాక్ టెస్టులో వాతావరణ లక్ష్యాల సాధనలో భారత్ పురోగతి గురించి 10 మార్కుల ప్రశ్న వచ్చింది. "2005తో పోలిస్తే 2020 నాటికి మన ఉద్గారాలు 36 శాతం తగ్గాయి" అని ధీమాగా మొదలుపెట్టాను. ఉద్గారాలంటే మనం గాల్లోకి వదిలే, భూమిని వేడెక్కించే వాయువులు. పేపరు దిద్దిన సార్ ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసి, పక్కన "ఉద్గారాలా? ఉద్గారాల తీవ్రతా?" అని రాశారు. 2 మార్కులు వచ్చాయి. విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయం నుంచి గాజువాక చేరేదాకా బస్సులో ఆ గీతలే చూస్తూ కూర్చున్నాను.

సంగతి ఇంటికి వచ్చాకే అర్థమైంది. అమ్మది టిఫిన్ బండి. మొదట్లో రోజుకు 50 ప్లేట్లు పోతే కిలో గ్యాస్ అయ్యేదట. ఇప్పుడు 150 ప్లేట్లు పోతున్నాయి, 2 కిలోలు అవుతోంది. పెద్ద ఇడ్లీ పాత్ర కొన్నాక ఒక్క వాయికే మూడు రెట్లు ఇడ్లీలు దిగుతున్నాయి మరి. నోట్సు వెనక పేజీలో లెక్క వేశాను. ప్లేటుకు 20 గ్రాములు అయ్యే గ్యాస్ 13కి వచ్చింది, దాదాపు మూడో వంతు తగ్గింది. "అయితే మనకి గ్యాస్ తగ్గినట్టేనా?" అని అడిగాను. "సిలిండర్లు రెట్టింపు కొంటన్నాం కదే, తగ్గిందేటి?" అంది అమ్మ.

దేశం లెక్కా అంతే. తీవ్రత అంటే జీడీపీలో, అంటే దేశంలో ఏడాదికి తయారయ్యే సరుకులు, సేవల మొత్తం విలువలో, ప్రతి రూపాయికీ ఎంత ఉద్గారం అని. 2030 కల్లా దాన్ని 2005 స్థాయి నుంచి 33-35 శాతం తగ్గిస్తామని 2015లో మాట ఇచ్చాం. 2019కే 33 శాతం తగ్గింది. 2022 ఆగస్టులో లక్ష్యాన్ని 45 శాతానికి పెంచారు. 36 శాతం అంకె 2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితికి మనం ఇచ్చిన నివేదికలోది. ఇది చిన్న విషయం కాదు, గర్వంగానే రాయండి. అయితే 2005 కంటే మొత్తం ఉద్గారాలు బాగా పెరిగాయని కూడా రాయండి. 2020లో ముందటి ఏడాది కంటే 7.93 శాతం తగ్గాయి నిజమే, కానీ అది లాక్‌డౌన్ ఏడాది. దాన్ని విజయాల్లో కలపకండి.

ఇలాంటి పొరపాటే విద్యుత్ స్థాపిత సామర్థ్యం దగ్గర, అంటే ప్లాంట్లన్నీ పూర్తిగా నడిస్తే ఎంత కరెంటు ఇవ్వగలవన్న లెక్క దగ్గర కూడా జరుగుతుంది. 2025 జూన్ నాటికి అందులో సగం శిలాజేతర వనరులదే (బొగ్గు, చమురు, గ్యాస్ కానివి) అయింది, ఆ సగానికి పెట్టుకున్న 2030 గడువుకు ఐదేళ్లు ముందే. అంతమాత్రాన మనం వాడే కరెంటులో సగం వాటి నుంచి రావడం లేదు, ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గుదే. పరవాడ వైపు వెళ్తే సింహాద్రి పొగగొట్టాలు చూడండి. అక్కడ బొగ్గుతో నడిచే ప్లాంటు 2000 మెగావాట్లది. దాని రిజర్వాయరు నీళ్ల మీద 2021 నుంచి 25 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. పొద్దు వాలితే పలకలు ఆగిపోతాయి, బాయిలర్లు రాత్రంతా మండుతూనే ఉంటాయి. అది చూశాక సామర్థ్యానికీ ఉత్పత్తికీ తేడా నాకు మళ్లీ తప్పలేదు.

జవాబు తిరగరాసి సార్‌కి ఇచ్చాను. మొదటి వాక్యం ఇది: "జీడీపీ ఉద్గార తీవ్రత 2005-2020 మధ్య 36 శాతం తగ్గింది, మొత్తం ఉద్గారాలు మాత్రం పెరిగాయి." ఈసారి ఎర్ర గీత రెండో పేజీలో పడింది, 2070 నెట్ జీరో దగ్గర (వదిలే ఉద్గారాలు, గాల్లోంచి తీసేసేవి సమానం కావాలన్న లక్ష్యం). ఈ వారం అదే చదువుతున్నాను.