వ్లతావా ఒడ్డున రెండు రోజులు

జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఎం.ఎస్. చదువుతున్నప్పుడు, పరీక్షలు ముగిసిన వారం, నేనూ మరో ఇద్దరు మిత్రులూ రైలెక్కి, ఎల్బే నది వెంబడి సుమారు రెండున్నర గంటలు ప్రయాణించి చెక్ రాజధాని ప్రాగ్ చేరుకున్నాము. ముగ్గురమూ సీమవాళ్లమే, ఒకరిది అనంతపురం, ఒకరిది కడప, నాది కర్నూలు.

కోట చూశాము. 1410 నాటి ఖగోళ గడియారం గంట కొట్టే వేళ కిటికీలలో బొమ్మలు కదిలిపోవడం బాగుంది గానీ, ఆ రద్దీలో ఎక్కువసేపు నిలవలేకపోయాము. నా మనసంతా చార్లెస్ వంతెన మీదే నిలిచిపోయింది. నాలుగవ చార్లెస్ చక్రవర్తి 1357లో పునాది వేయించిన ఆ రాతి వంతెన అర కిలోమీటరు పొడవుంటుంది; దాని మీద 30 విగ్రహాలు బారులు తీరి ఉంటాయి. తెల్లవారుజామున జనం లేనప్పుడు వెళ్లాము. క్రైస్తవ పునీతుడు నెపోముక్ యోహాను విగ్రహం దిగువనున్న కంచు ఫలకం, తాకి మొక్కుకున్నవారి చేతుల వల్ల, ఆ తాకిన చోట మాత్రమే బంగారంలా మెరుస్తోంది. మన శివాలయాల్లో భక్తుల చేతులు తగిలి నునుపుదేరిన నంది వీపు వెంటనే గుర్తుకు వచ్చింది.

అక్కడే పిట్టగోడకు ఆనుకుని, అనంతపురం మిత్రుడికి వాళ్లమ్మ పంపిన ఎండు జొన్నరొట్టెలు పటపట విరుచుకుని, బుడ్డల పొడితో తిన్నాము. వంతెన కింద నిండుగా పారుతున్న వ్లతావా నదిని చూస్తుంటే, ఎండాకాలంలో బండలు తేలే మా తుంగభద్ర కళ్లలో మెదిలి, గొంతు బరువెక్కింది.

ఈ వంతెన సున్నంలో కోడిగుడ్లు కలిపారని అక్కడివారు చెప్పుకుంటారు. మన కోటల గచ్చులో బెల్లం, కరక్కాయ కలిపేవారన్న పెద్దల మాటను కడప మిత్రుడు ఎత్తుకోగా, ఆ చర్చ తిరుగు రైలెక్కేదాకా సాగింది.