లోకల్ ష్యూరిటీ, ఫారిన్ ఎల్ఎల్ఎం

గుంటూరు, బుధవారం.

మిరప కోతలు మొదలయ్యాయంటే మా లీగల్ ఎయిడ్ ఆఫీసుకొచ్చే రిమాండ్ కాగితాల్లో కర్నూలు వైపు ఊళ్ల పేర్లు పెరుగుతాయి. కోసిగి, మంత్రాలయం, ఆదోని పక్క పల్లెల నుంచి ఇళ్లకు తాళాలేసి, పిల్లాజెల్లాతో సుగ్గికి, అంటే కోతల కూలికి, వచ్చేస్తారు. చేల పక్కన పరదాలు కట్టుకుని రెండు మూడు నెలలు అక్కడే వంట, అక్కడే పడక. వాళ్లలో ఒక కుర్రాడి బెయిలు షరతు సడలించమన్న పిటిషన్ ఇవాళ హియరింగ్‌కి వచ్చింది. ఇరవై దాటి ఉండవు. సెల్‌ఫోన్ దొంగతనమని కేసు. బెయిలు ఎప్పుడో ఇచ్చారు. పది వేలకు సొంత బాండు, అంతే మొత్తానికి ఇద్దరు లోకల్ ష్యూరిటీలు, అంటే ఈ జిల్లాలోనే ఆస్తి ఉన్న జామీనుదారులు. బెయిలొచ్చింది, మనిషి మాత్రం జైల్లోనే ఉన్నాడు. గుంటూరు జిల్లాలో అతని కోసం ఇంటి పన్ను రసీదు పట్టుకొచ్చి సంతకం పెట్టేదెవరు? కూలికి తెచ్చిన మేస్త్రి ఫోనెత్తడు. చేను గల ఆసామి "నాకెందుకొచ్చిన గొడవమ్మా, కోతలు సగంలో ఉన్నాయి" అన్నాడు. ఆయన్నీ ఏమనలేం.

తల్లి పొద్దున్నే వచ్చి కోర్టు మెట్ల మీద కూర్చుంది. "మా ఊర్లో ఇల్లుంది మేడమ్, పట్టా గూడా ఉండాది. నా తమ్ముడు వచ్చి నిలబడతానంటాడు. ఆడి ఇల్లు ఈడ పనికిరాదంటారు. ఇల్లంటే ఇల్లే గదా?"

నిజానికి ఆమె అడిగింది 1978లోనే సుప్రీంకోర్టు అడిగిన ప్రశ్న. మోతీరామ్ కేసు. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ మేస్త్రికి బెయిలిస్తే, కింది కోర్టు పది వేలకు ష్యూరిటీ అడిగింది. సోదరుడు వచ్చి నిలబడబోతే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని కొట్టేసి, వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదలమన్నారు. ఎక్కడో దూరాన అరెస్టయిన మలయాళీయో, తెలుగువాడో అక్కడ ఆస్తులున్న ష్యూరిటీలను ఎక్కణ్నుంచి తేగలడని ఆ తీర్పులో నిలదీశారు కూడా. ఆయన ఊహలో తెలుగువాడు దేశం ఆ మూలెక్కడో చిక్కుకున్నాడు. మా కుర్రాడు సొంత రాష్ట్రంలోనే, రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఇంటికి చేరే దూరంలోనే చిక్కుకున్నాడు.

పిటిషన్ రాసింది మా జూనియర్. లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ ఆఫీసులో అసిస్టెంటు, ఎన్‌రోల్ అయి రెండున్నరేళ్లు. (ఈ పద్ధతి సంగతి తెలియనివాళ్ల కోసం: ప్రభుత్వం తరఫున పీపీలు (పబ్లిక్ ప్రాసిక్యూటర్లు) ఉన్నట్టే, లాయర్ని పెట్టుకోలేని ముద్దాయిల తరఫున పూర్తికాలం పనిచేసే లాయర్లుండాలని జాతీయ న్యాయసేవల సంస్థ నల్సా 2022లో తెచ్చిన స్కీము.) వాదనలు తననే చెప్పమన్నాను, నేను పక్కన నిలబడ్డాను. మేజిస్ట్రేట్ గారు ఒక్కటే అడిగారు. "రేపు వాయిదాకి రాకపోతే ఎవర్ని పట్టుకోవాలమ్మా?" ప్రశ్నలో న్యాయముంది. వలస కూలీ ముద్దాయి అయిన ప్రతి కేసులో బెంచి మీద కూర్చున్నవాళ్ల భయం అదే. అమ్మాయి తడబడలేదు. సొంతూరి అడ్రసు ఆధార్‌తో సహా ఫైల్లో పెట్టింది, మేనమామ పట్టా నకలు పెట్టింది. ఆ తర్వాత 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన సూచనలు తీసింది. బెయిలొచ్చి వారంలో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. నెలలోగా బాండ్లు ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే విషయం చూడొచ్చు. విడుదల ఆలస్యానికి లోకల్ ష్యూరిటీ పట్టుదల ఒక కారణం కాబట్టి అలాంటి చోట ఆ షరతు పెట్టకపోవడం మంచిది. మూడూ వరసగా, కాగితం చూడకుండా చెప్పింది. ప్రభుత్వ లాయరు ఏపీపీ గారు పెద్దగా అడ్డు చెప్పలేదు. లంచ్‌కి ముందే ఆర్డరు వచ్చింది: ష్యూరిటీ ఒక్కరు చాలు, ఏ జిల్లా అయినా ఫర్వాలేదు. మేనమామకి ఫోన్ చేశాం. రేపు పొద్దునకి దిగుతానన్నాడు.

క్యాంటీన్‌లో ఇడ్లీ తింటూ అమ్మాయి నసిగింది. "మేడం, ఆ రెకమెండేషన్... ఇవాళ రాత్రి పన్నెండుకి క్లోజ్ అయిపోతుంది." బ్రిటన్‌లో ఏడాది ఎల్ఎల్ఎంకి, అంటే లాలో మాస్టర్స్‌కి, అప్లై చేస్తోంది. వర్ధమాన దేశాల్లో రూల్ ఆఫ్ లాని, అంటే చట్టబద్ధ పాలనని, ఎలా నిలబెట్టాలన్నది కోర్సు సారాంశం. కోర్టుల నిర్వహణ, పోలీసుల జవాబుదారీతనం, న్యాయసహాయం, ప్రాజెక్టు ఎలా రాయాలి, ఫలితాన్ని ఎలా కొలవాలి, ఇలాంటి పేపర్లుంటాయి. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కి ముందే పెట్టుకుంది.

తను రాసుకున్న స్టేట్‌మెంట్ చూపించింది. నిండా ఐక్యరాజ్యసమితి పెట్టిన సుస్థిరాభివృద్ధి లక్ష్యం 16, అందులో 16.3, అందరికీ సమానంగా న్యాయం. ఎవరు చదివినా తప్పు పట్టరు, ఎవరికీ గుర్తూ ఉండదు. పొద్దున కోర్టులో అంత బాగా మాట్లాడిన పిల్ల కాగితం మీదకొచ్చేసరికి ఐక్యరాజ్యసమితి కరపత్రమైపోయిందేమిటా అనిపించింది. ఆ మాటే అన్నాను. మొహం చిన్నబుచ్చుకుంది.

ఈ చదువుల మీద నాకు మొదట్నుంచీ కొంచెం అనుమానమే. అనుమానం నా ఒక్కదానిదే కాదు. 1960లలో ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో, అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ డబ్బుతో అక్కడి లా ప్రొఫెసర్లు లాటిన్ అమెరికా, ఆఫ్రికా, ఆసియా దేశాలకు బయల్దేరారు. లా కాలేజీలను బాగుచేస్తే లాయర్లు బాగుపడతారు, లాయర్లు బాగుపడితే దేశం బాగుపడుతుందని నమ్మకం. పదేళ్లు తిరిగేసరికి 1974లో డేవిడ్ ట్రూబెక్, మార్క్ గలాంటర్ అనే ఇద్దరు తమ సొంత గుంపునే నిలదీస్తూ పెద్ద వ్యాసం రాశారు. ఆ దేశాల్లో ఉన్న కోర్టులు, సంఘాలు, అసమానతలు ఒకలా ఉంటే, మనం అమెరికా బొమ్మ పెట్టుకుని పనిచేశాం అన్నది దాని సారం. ఒకాయన బ్రెజిల్లో పనిచేసి వచ్చినవాడు, ఇంకొకాయన మన భారతదేశపు కోర్టులనూ కులాన్నీ ఏళ్లతరబడి చదివినవాడు. బయటివాళ్ల విమర్శ కాదు కాబట్టే అది అంత గట్టిగా తగిలింది.

తర్వాత వచ్చినవాటిలో నాకు నచ్చినది రోమ్‌లోని ఐడీఎల్ఓ (అంతర్జాతీయ అభివృద్ధి చట్ట సంస్థ) మొదలైన తీరు. 1983లో చిన్న శిక్షణ సంస్థగా పెట్టారు. పేద దేశాల ప్రభుత్వ లాయర్లు అప్పుల ఒప్పందాల దగ్గరో, పెట్టుబడి ఒప్పందాల దగ్గరో అవతలి కంపెనీ లాయర్ల ముందు తెల్లమొహం వేయకుండా తర్ఫీదు ఇద్దామన్నది ఉద్దేశం. గాల్లో ఆదర్శం కాదది. బల్లకి ఇవతల కూర్చున్న మనిషికి పనికొచ్చే చదువు.

ఇంతకీ ఆ 16.3లో ఒక కొలత ఉంది. జైళ్లలో ఉన్నవాళ్లలో శిక్ష పడనివాళ్ల వాటా ఎంత అని. మన దేశంలో అది ఇంచుమించు నాలుగింట మూడు వంతులు. సరే, అంకె కావలసిందే, అది లేకపోతే ప్రభుత్వాలకు సిగ్గు కూడా వేయదు. అయితే మా కోసిగి కుర్రాడు బెయిలు రాకముందూ ఆ లెక్కలోనే ఉన్నాడు, వచ్చాకా ఉన్నాడు. ఇతను బెయిలు రానివాడా, వచ్చీ ష్యూరిటీ లేనివాడా అన్నది ఆ అంకెలో కనపడదు. ష్యూరిటీ డబ్బు కట్టలేనివాళ్ల కోసం కేంద్రం 2023లో స్కీము తెచ్చింది. మంచిదే. కానీ ఇతనికి అడ్డుపడింది డబ్బు కాదు, జిల్లా సరిహద్దు. ఈ తేడా రోజూ వాయిదాలకు తిరిగేవాళ్లకే తెలుస్తుంది. తెలిసినవాళ్లు ఆ క్లాసులో కూర్చోకపోతే ఆ క్లాసుకే నష్టం.

అప్పుడు గుర్తొచ్చింది, ఇలాంటి కోర్సే చేసొచ్చిన స్నేహితురాలు ఒకసారి చెప్పిన సంగతి. ప్రొఫెసర్ల నుంచి నేర్చుకున్నదానికంటే ఆఫ్రికాలోని మలావీ నుంచి వచ్చిన క్లాస్‌మేట్ నుంచి ఎక్కువ నేర్చుకున్నానంది. మలావీలో లాయర్లు చాలా తక్కువ. అందుకని 2000 నుంచి, లాయర్లు కాకపోయినా చట్టంలో తర్ఫీదు పొందిన పారాలీగల్స్‌ని నేరుగా జైళ్లలోకి పంపడం మొదలుపెట్టారు. వాళ్లు ఖైదీలను కూర్చోబెట్టి బెయిలు ఎలా అడగాలో, మేజిస్ట్రేట్ ముందు ఏం చెప్పాలో నాటకాలు ఆడించి మరీ నేర్పిస్తారు. రిమాండ్‌లో మగ్గుతున్నవాళ్ల జాబితాలు తయారుచేస్తే, మేజిస్ట్రేట్లే జైలుకు వచ్చి కోర్టు పెట్టేవాళ్లు. మనకీ పారా లీగల్ వాలంటీర్లున్నారు, జైలు అదాలత్‌లున్నాయి. ఇది విన్నాక మాత్రం, ష్యూరిటీ లేక ఆగిపోయినవాళ్ల జాబితా ఒకటి విడిగా పెట్టుకోవాలన్న బుద్ధి పుట్టింది నాకు. ఇవాళ్టి కుర్రాడు దొరికింది ఆ జాబితాలోనే. మలావీ అనుభవం గుంటూరుకి రావడానికి ఇంగ్లండు తరగతి గది కావలసి రావడం విడ్డూరమే గానీ, ప్రస్తుతానికి దారి అదే.

నేను నాగార్జున యూనివర్సిటీలో ఎల్ఎల్ఎం చేశాను. రాజ్యాంగ చట్టం బాగానే వంటబట్టింది. కాకపోతే క్లాసులో అందరం కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్లమే. మీ దేశంలో ష్యూరిటీ లేకపోతే ఏం చేస్తారని అడగడానికి వేరే దేశం మనిషి ఎవరూ లేరు.

సాయంత్రం ఇంటికొచ్చి కాఫీ పెట్టుకుని ఫారం తెరిచాను. మొదట్లోనే గడులు. అభ్యర్థి మీరు చూసినవాళ్లలో టాప్ 5 శాతంలో ఉన్నారా, 10 శాతంలోనా? మా ఆఫీసులో అసిస్టెంట్లు ముగ్గురు. ముగ్గురిలో 5 శాతమంటే ఏ చెయ్యో కాలో అవుతుంది. ఏదో ఒక గడిలో టిక్కు పెట్టి కిందికి దిగాను. నాయకత్వ లక్షణాలు వివరించమన్న చోట ఇవాళ్టి పిటిషన్ సంగతే రాశాను. వలస కూలీ, వేరే జిల్లా పట్టా, మేజిస్ట్రేట్ ప్రశ్న, ఆమె జవాబు. మీ క్లాసులో ఈమె అందరికంటే తెలివైనదవుతుందో లేదో చెప్పలేను గానీ, మీరు చెప్పే ప్రతి అంకెకీ అందులో ఎవరున్నారని అడుగుతుంది, అది మీకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది అని కూడా రాశాను. చివరి వాక్యం తీసేద్దామా అని కాసేపు ఆలోచించి, ఉంచేశాను. అమ్మాయి కూడా స్టేట్‌మెంట్ మార్చి పంపింది. 16.3 ఇంకా ఉంది, రెండో పేజీకి జరిగింది.

తొమ్మిదింటికి వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తా. వెనకాల టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపుతున్న కేకలు వినపడుతున్నాయి. "అమ్మా, ఆ చదువైతే మా పిల్ల జడ్జీ అవుద్దా?"

కాదన్నాను. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసుండాలని సుప్రీంకోర్టు 2025 మేలో తేల్చింది. ఈ ఎల్ఎల్ఎం ఏడాది అందులో కలవదు, ఆమేరకు వెనకబడుతుంది.

"మరెందుకమ్మా అంత దూరం?"

ఈ చదువుతో వచ్చేవి పెద్ద కంపెనీ ఉద్యోగాలు కావు, కాబట్టి అప్పు చేసి మాత్రం పంపొద్దని చెప్పాను. స్కాలర్‌షిప్ వస్తేనే వెళ్లాలి. అమ్మాయి కూడా అదే అనుకుంటోంది. చీవ్‌నింగ్‌లో వెళితే చదువయ్యాక సొంత దేశానికి తిరిగొచ్చి రెండేళ్లు ఉండాలన్నది షరతు. ఆ ముక్క ఆయనకి బాగా నచ్చింది. రెండుసార్లు చెప్పించుకున్నారు.

"ఒకవేళ అది రాలేదనుకో అమ్మా?"

ఏప్రిల్లో మాకు సెషన్స్ ట్రయల్ షెడ్యూలుంది, క్రాస్ ఎగ్జామినేషన్‌లో సగం తనకే ఇద్దామనుకుంటున్నాను అన్నాను.

"అయితే మంచిదే," అని, యార్డులో ఎవరినో కేకేస్తూ ఫోను పెట్టేశారు.