చల్ల మిరపకాయలు, మూడో వాయి: బూజు ముచ్చిక (తొడిమ) దగ్గరే మొదలవుతోంది

జూన్ 27

సీసాలో పోసి ఇవాళ్టికి 13 రోజులు. బూజు లేదు. మొదటి వాయి సరిగ్గా 15వ రోజున దెబ్బ కొట్టింది కాబట్టి ఇంకో రెండు రోజులు గడిచేదాకా గెలిచానని చెప్పను. అయినా బూజు ఎక్కడ పుడుతోందో, ఎందుకు పుడుతోందో ఈసారి తేలింది. అందుకే లెక్కలన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు బాగా కుదిరినవి. గోరుచిక్కుడు వరుగులు 1.5 కిలోలకి 300 గ్రాములు వచ్చాయి, విరిస్తే ఫట్‌మంటున్నాయి. దోసావకాయ కుదిరింది, ముక్క ఇంకా కరకరలాడుతోంది (కారం 3 మ్యాంగోస్, ఆవపిండి ఇంట్లో కొట్టింది). గోంగూర, కాకర చక్రాలు కూడా బాగున్నాయి. వాటి సంగతి ఇంతే. నా వేసవంతా మింగేసింది చల్ల మిరపకాయలే.

మొదటి వాయి. ఏప్రిల్ 20న మిద్దె మీద కుండీల్లోంచి కోసిన జ్వాల రకం, 150 కాయలు, 1,200 గ్రాములు. కల్లుప్పు 60 గ్రాములు, వెన్న తీసిన పుల్ల మజ్జిగ 700 మి.లీ., వాము ఒక చెంచా. మూడు రోజులు ఊర్పు. తరవాత నాలుగు రోజులు పగలు ఎండలో, రాత్రి మళ్లీ మజ్జిగలో, జాడీ అడుగు ఆరిపోయేదాకా. ఆపైన అయిదు రోజులు ఉత్త ఎండ. ఆ అయిదు సాయంత్రాలూ కాటా చూపించినవి: 610, 455, 375, 342, 330 గ్రాములు. ఆఖరి రోజు తగ్గింది 12 గ్రాములే. చేటలో ఆడిస్తే గలగలమన్నాయి. అయిపోయిందనుకుని మే 2న సీసాకెత్తాను.

మే 17న నాలుగు వేయిద్దామని తీస్తే ఒకటి చేతిలోనే విచ్చుకుంది. లోపల గింజల చుట్టూ తెల్లని దూది. పైన చూస్తే మచ్చ కూడా లేదు, కాయ కరుకుగానే ఉంది. 40 కాయలు కోసి చూస్తే 14 పోయాయి. ఒక చిత్రం ఏమిటంటే ఆ పద్నాలుగింట్లోనూ బూజు ముచ్చిక నుంచి రెండు సెంటీమీటర్ల లోపే ఉంది. కొన వైపు ఒక్కదాంట్లోనూ లేదు. అక్కడే ఆగి ఆలోచించి ఉంటే రెండో వాయి దండగయ్యేది కాదు. నేను మాత్రం అందరూ చెప్పే మాటే పట్టుకున్నాను, ఉప్పు చాలలేదని.

(బూజు పట్టినవి దులిపి, మళ్లీ ఎండబెట్టి వేయించుకోవడం కొన్ని ఇళ్లలో ఉంది. వద్దు. మిరపకాయ మీద పెరిగే బూజుల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం చేసేవి ఉన్నాయి, అది వేయించినంత మాత్రాన పోదు.)

రెండో వాయి మే 18న మొదలు. 1,000 గ్రాముల కాయలకి ఉప్పు 100 గ్రాములు. అంటే 5 శాతం నుంచి ఏకంగా 10 శాతానికి. మజ్జిగ 600 మి.లీ. రోళ్లు పగిలే రోహిణి కార్తె వస్తోంది కదా, ఎండకి కొదవేమిటన్న ధీమా. ఈ ఏడు (2025) నైరుతి మే 24కే కేరళ తాకింది, రోహిణి మొదలయ్యేసరికి మన నెత్తిన మబ్బు. సాయంత్రం గుడ్డ కప్పి మిద్దె మీదే మెట్లగది నీడన ఉంచిన చేటల బరువు చూడండి:

మొదటి రాత్రి: సాయంత్రం 412, తెల్లారి 437.
రెండో రాత్రి: సాయంత్రం 398, తెల్లారి 421.
మూడో రాత్రి: సాయంత్రం 391, తెల్లారి 418.

చినుకు మీద పడలేదు. ఆ 25 గ్రాములూ గాలిలోంచి తాగినవే. మొదటి సాయంత్రం నుంచి మూడో సాయంత్రానికి నికరంగా తగ్గింది 21 గ్రాములు, ఒక్కో రాత్రి పెరిగింది అంతకంటే ఎక్కువ. అయిదో రోజుకి వాసన మారింది, కొన్నింటి మీద గులాబీ రంగు జిగురు. మే 31న మొత్తం కంపోస్టు డబ్బాలోకి పోయింది. ఆ ఉప్పుతో అదీ తప్పే, కంపోస్టులో అంత ఉప్పు వేయకూడదు.

ఇది ఉప్పు పనే. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు నీరు లాక్కుని కరుగుతుంది. కల్లుప్పులో కొద్దిగా మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది అంతకంటే చాలా తక్కువ తేమకే చెమరుస్తుంది. వానాకాలం కల్లుప్పు జాడీ అడుగున ఊరే నీరు అదే. వాన రాత్రుల్లో మా మిద్దె మీద తేమ 85 తగ్గలేదు. ఉప్పు రెట్టింపు చేసి నేను చేసిందల్లా కాయలకి దాహం పెంచడమే. ఉప్పు బూజుని ఆపే మాట నిజమే, కానీ అది ఉన్నచోటే ఆపుతుంది. మొదటి వాయిలో ఉప్పు తోలు మీద తెల్లగా పేరుకుంది, బూజు మాత్రం కడుపులో పెరిగింది.

అప్పుడు కొన్నాను తేమ మీటరు, అగ్గిపెట్టెంత డిజిటల్‌ది. కొత్త మీటరు మాట నమ్మేముందు ఒక పని చేయాలి: సీసా మూతలో చెంచా ఉప్పు, తడి ఇసుకలా అయ్యేన్ని నీటి చుక్కలు, పక్కనే మీటరు, గాలి చొరని డబ్బాలో 12 గంటలు. 75 చూపించాలి. నాది 78 చూపించింది, అంటే మూడు ఎక్కువ. అది కాగితం మీద రాసి మీటరు వెనక అంటించాను. కింద చెప్పే అంకెలన్నీ ఆ మూడు తీసేసినవే.

కోపంలో మొదటి వాయి సీసా పారేయకపోవడం మంచిదైంది. కోయకుండా మూత బిగించి పక్కన పెట్టిన ఆ కాయల్లో మీటరు వేసి ఒక రోజు ఉంచితే 75 దగ్గర నిలబడిపోయింది. ఉప్పు తడిగా ఉన్నంతకాలం సీసాలో గాలి అక్కడే ఆగుతుంది. అంటే పైకి గలగలమన్న కాయల మధ్య తడి ఉప్పు ఉంది. బూజుకి 70 దాటితే పండగే. 65 లోపు ఉంటే నిశ్చింత.

లెక్క కూడా అదే చెప్పింది. పచ్చి మిరపలో నీరు దాదాపు 86 శాతం. 1,200 గ్రాముల్లో గట్టి సరుకు 168. ఉప్పు 60. మజ్జిగలోంచి వచ్చే గట్టిదనం 27 అనుకుందాం. మొత్తం 255. నేను సీసాకెత్తింది 330. అంటే 75 గ్రాముల నీరు, బరువులో 23 శాతం. ఈ కూడిక ఏప్రిల్‌లోనే వేసి ఉంటే 280 వచ్చేదాకా ఎండ మానేవాణ్ణి కాదు.

మరి ఆ నీరు ఎక్కడ దాగింది? అదే సీసాలోంచి బాగున్న పది కాయలు తీసి మధ్యకి కోశాను, ముచ్చిక సగాలు ఒక పక్క, కొన సగాలు ఒక పక్క. ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర, బరువు తగ్గడం ఆగేదాకా, నాలుగు గంటలు. కొన సగాలు 9.0 గ్రాముల నుంచి 7.9కి వచ్చాయి, నీరు 12 శాతం. ముచ్చిక సగాలు 13.0 నుంచి 9.1కి, నీరు 30 శాతం! ఒకే కాయ, ఒకే ఎండ.

కారణం నా చాకు. కాయ రెండుగా విడిపోతుందన్న భయంతో తొమ్మిది సెంటీమీటర్ల కాయకి మధ్యలో అయిదు సెంటీమీటర్లే గాటు పెట్టేవాణ్ణి. ముచ్చిక కింద రెండున్నర సెంటీమీటర్లు మూసుకునే ఉండేది. గింజలన్నీ అంటుకునే మెత్తని దిమ్మ అక్కడే, తోలు మందం అక్కడే ఎక్కువ, పైన ముచ్చిక మూత. మజ్జిగలోని ఉప్పు అక్కడిదాకా సరిగా పోలేదు, అక్కడి నీరు బయటికి రాలేదు. దానికి తోడు ఏప్రిల్ వడగాలికి పైతోలు రెండు రోజుల్లో అట్టలా బిగుసుకుంది. ఎండ ఎక్కువైతే త్వరగా ఆరతాయనుకుంటాం. పై పొర ముందే గట్టిపడితే లోపలి తడికి దారి మూసుకుపోతుంది. 342 నుంచి 330 దగ్గర బరువు నెమ్మదించింది అందుకే.

వెన్న మీద కూడా అనుమానం ఉండేది, జిడ్డు పొర నీటిని ఆపుతుందేమోనని. మూడో వాయిలో 20 కాయలు వెన్న తీయని పెరుగు చిలికిన మజ్జిగలో విడిగా వేశాను. ఎండాక కాయకి సగటున 2.1 గ్రాములు. మిగతావి 2.0. తేడా లేదు. ప్యాకెట్ పెరుగు వాడేవాళ్లు వెన్న గురించి దిగులు పడక్కర్లేదు, దాన్ని రెండు రోజులు బయట ఉంచి పులియబెడితే చాలు. తియ్య మజ్జిగతో మాత్రం చేయకండి.

మూడో వాయి, జూన్ 3. వానలు వెనక్కి తగ్గాయి, మళ్లీ ఎండ. 900 గ్రాములు, 112 కాయలు. కాపు ఆఖరు కాబట్టి కాయలు పొట్టివి, తోలు మందం. కోసే ముందు రోజు నీళ్లు పోయలేదు, ఎరుపు తిరగబోయేవి పక్కన పెట్టాను, కోశాక ఒక రాత్రి నీడలో వడలనిచ్చాను. వడలిన కాయకి గాటు పెట్టడం తేలిక, టప్‌మని చీలదు. మార్చినవి ఇవి. గాటు ముచ్చిక అంచు నుంచే మొదలు. ముచ్చిక మొదట్లో దబ్బనంతో రెండు పోట్లు, లోపలి దిమ్మ దాకా. ఉప్పు 54 గ్రాములు, అంటే 6 శాతం, అదీ టాటా పొడి ఉప్పు. గడ్డకట్టకుండా ఉండే పదార్థం కలిపిన శుద్ధమైన ఉప్పు కాబట్టి తక్కువ చెమరుస్తుంది. అయోడిన్‌తో రంగు చెడుతుందంటారు, నాకు ఆ తేడా కనపడలేదు. ఆవకాయకి మాత్రం కల్లుప్పే, ఆ విషయంలో రాజీ లేదు.

మొదటి రెండు రోజులు పదకొండు దాటాక దోమతెర కింద పెట్టాను, మంట ఎండలో కాకుండా. మూడో రోజు నుంచి నేరుగా. రోజూ నాలుగున్నరకే ఎత్తేశాను. గుడ్డ కప్పడం మానేసి, అరగంట చల్లారనిచ్చి మూత బిగిసే స్టీలు డబ్బాలో పోశాను. వేడి మీద మూత పెడితే లోపల చెమట పడుతుంది. డబ్బాలో రాత్రంతా ఉండటం వల్ల ఇంకో లాభం ఉంది. లోపలి తడి తోలులోకి వచ్చి, పొద్దున కాయ కొంచెం మెత్తబడుతుంది, ఆ మెత్తదనం ఎండలో త్వరగా పోతుంది. రాత్రి బరువు పెరగడం రెండు గ్రాములు దాటలేదు.

జూన్ 14కి 228 గ్రాములు. గట్టి సరుకు లెక్క 204, అంటే నీరు పదిన్నర శాతం. సీసాలో మీటరు 57. సగాల పరీక్ష మళ్లీ చేస్తే నీరు కొనలో 9 శాతం, ముచ్చికలో 13 శాతం. ఇవాళ్టి మీటరు 58.

అయితే కొత్త తలనొప్పి వచ్చింది. గాటు పొడుగై 112లో 17 కాయలు ఎండేటప్పుడే పూర్తిగా విచ్చుకున్నాయి. వాటి గింజలు నూనెలో రాలి ముందే మాడుతున్నాయి, మాడిన గింజ చేదు మొత్తం నూనెకి పడుతోంది. సన్న సెగ మీద కూడా తప్పట్లేదు. నా అంచనా, గాటు ముచ్చిక నుంచి మొదలై కొనకి రెండు సెంటీమీటర్ల ముందే ఆగాలి. కొన ఎలాగూ ఆరుతోంది కదా, దాన్ని ఎందుకు కోయడం!

రాబోయే వాయిలో 50 కాయలకి ముచ్చిక పూర్తిగా తీసేసి చూడాలి. అలా చేస్తే వేయించేటప్పుడు నూనె కడుపులోకి తాగుతుందంటారు. ఎంత తాగుతుందో నూనె గిన్నెని ముందూ వెనకా తూచి చూస్తాను. డీహైడ్రేటర్ కొనమని సలహాలు వస్తున్నాయి గానీ, 55 డిగ్రీల గాలికి తోలు ఇంకా త్వరగా బిగుస్తుందేమోనని అనుమానం. కొనే ముందు ఎవరి దగ్గరన్నా ఒక ట్రే అడిగి చూడాలి.

అసలు మే నెల కాయలతో ఈ పని పెట్టుకోవడమే తప్పేమో. ఆగస్టులో నారు పోసి సెప్టెంబరులో కుండీల్లోకి మారిస్తే, సంక్రాంతి తరవాత నిండు కాపు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది, ఎండ మరీ మంటగా ఉండదు. జ్వాల 12 కుండీలు, జి-4 నాలుగు. జి-4 కారం ఎక్కువ, పెరుగన్నంలోకి ఒక్కటి చాలు. విత్తనాలు ఈ కాపులోనే పండనిచ్చిన ఆరు కాయల నుంచి తీశాను, కవరు మీద తేదీ రాసి పెట్టాను. ఆలోపు మిగిలిన బజ్జీ మిర్చి పదింటికి ముచ్చిక పోట్లు పెట్టి, ముసురు పట్టని రోజు చూసి ఒక చిన్న వాయి వేస్తాను. తోలు మందం కాబట్టి మళ్లీ తన్నేస్తుందనే నమ్మకం.